రేడియేటర్‌లో నీరు ఏ దిక్కున పారాలి? డౌన్‌ఫ్లో, క్రాస్‌ఫ్లో, డబుల్ పాస్‌లను పోల్చి ఎంచుకునే పద్ధతి

మే నెలలో కారు వేడెక్కుతోందని విజయవాడ ఆటోనగర్‌కు తీసుకువెళితే, ఒక దుకాణంలో ఉన్న రేడియేటర్‌నే విప్పి కడిగిస్తే చాలంటారు. పక్క దుకాణంలో, "డబుల్ పాస్ వేయించండి సార్, ఇక ముల్లు పైకి లేవదు" అంటారు. డబుల్ పాస్ అంటే నీరు ఒకసారి అటు, ఒకసారి ఇటు పారే రేడియేటర్; ముల్లు వేడి మీటరుది. రెండూ ఏదో ఒక కారుకు సరిపోయే సలహాలే. మీ కారుకు ఏది సరిపోతుందో తేల్చుకోవాలంటే మీ రేడియేటర్‌లో నీరు ఏ దారిన పారుతోందో, ఆ దారి మారిస్తే ఏం మారుతుందో, ఏం మారదో తెలుసుకుని మాట్లాడాలి. గుంటూరులోనో, విజయవాడలోనో ఉంటూ, సొంత కారు బానెట్ ఎత్తి చూసుకునే ఓపిక ఉన్నవారి కోసం ఆ పద్ధతిని ఇక్కడ వరుసగా చెబుతున్నాను.

నా అభిప్రాయాన్ని ముందే చెప్పడం మంచిది. కోర్ (నీటి ట్యూబులు, ఫిన్లు ఉండే మధ్యభాగం) వైశాల్యం, మందం, ఫిన్ల (ట్యూబుల మధ్య ఉండే పలచటి రేకుల) దట్టం, తగిలే గాలి సమానంగా ఉన్నప్పుడు, నీరు నిలువుగా పారినా అడ్డంగా పారినా బయటికి పోయే వేడిలో తేడా చాలా స్వల్పం. తేడా కనిపించేది వేరే చోట్ల: పంపు మీద పడే భారం, మూత మీద పడే ఒత్తిడి, గాలి బుడగలు బయటికి పోయే దారి, మడ్డి పేరుకునే స్థలం, బానెట్ కింద దొరికే జాగా. కాబట్టి "ఏది ఎక్కువ చల్లబరుస్తుంది" అన్న ప్రశ్నతో మొదలుపెడితే డబ్బు ఖర్చవుతుందే గాని సమస్య తీరకపోవచ్చు.

ముందు మీ రేడియేటర్ ఏ రకమో గుర్తించండి

ఇంజిను పూర్తిగా చల్లారిన తరువాతే బానెట్ ఎత్తండి. తాళం తీసేసినా కొన్ని కార్లలో కరెంటు ఫ్యాను దానంతట అదే తిరగడం మొదలుపెడుతుంది కనుక బ్యాటరీ తీగ ఒకటి విప్పి ఉంచడం క్షేమం. వేడి మీద రేడియేటర్ మూతను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తిప్పవద్దు. ఒత్తిడిలో ఉన్న నీరు మూత వదులైన మరుక్షణమే మరిగి, ఆవిరితో కలిసి ముఖం మీదికి చిమ్ముతుంది.

చూడవలసిన మొదటి విషయం ట్యాంకులు ఎక్కడ ఉన్నాయన్నది. కోర్‌కు పైనా కిందా ట్యాంకులుండి, వాటి మధ్య ట్యూబులు నిలువుగా ఉంటే అది డౌన్‌ఫ్లో. ఎడమా కుడీ ట్యాంకులుండి ట్యూబులు అడ్డంగా ఉంటే అది క్రాస్‌ఫ్లో. ఫిన్ల మధ్యకు టార్చిలైటు వేసి చూస్తే ట్యూబుల దిక్కు స్పష్టంగా తెలుస్తుంది.

ఆ తరువాతే హోస్ పైపులను చూడండి. క్రాస్‌ఫ్లోలో వేడినీరు ఒక పక్క ట్యాంకు పైభాగంలో దూరి, రెండో పక్క ట్యాంకు కిందిభాగం నుంచి బయటికి వస్తే అది సింగిల్ పాస్. రెండు హోస్‌లూ ఒకే పక్క ట్యాంకుకు తగిలించి ఉంటే, ఆ ట్యాంకు మధ్యలో ఒక అడ్డుపలక ఉందన్నమాట. నీరు పైసగం ట్యూబుల గుండా అవతలి ట్యాంకుకు వెళ్లి, కిందిసగం ట్యూబుల గుండా వెనక్కి వస్తుంది. డబుల్ పాస్ అంటే ఇదే. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. డౌన్‌ఫ్లో రేడియేటర్‌లో పై హోస్, కింది హోస్ రెండూ ఎడమవైపే ఉన్నంత మాత్రాన అది డబుల్ పాస్ కాదు. ఒకటి పై ట్యాంకుకూ మరొకటి కింది ట్యాంకుకూ బిగించి ఉంటాయి కాబట్టి నీరు ఒక్కసారే దిగుతుంది. అందుకే ముందు ట్యాంకులు, తరువాతే హోస్‌లు అని చెప్పింది.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, పాత మహీంద్రా జీపు ఉన్నవారు ఇంత వెతకనక్కరలేదు, అవి డౌన్‌ఫ్లోలే. ఆ రూపానికి ఒక చరిత్ర ఉంది. తొలినాటి కార్లలో, ముఖ్యంగా ఫోర్డ్ మోడల్ టి వంటి వాటిలో, నీటి పంపు లేకుండానే వేడెక్కిన నీరు తేలికై పైకి లేచి, రేడియేటర్‌లో చల్లబడి బరువెక్కి కిందికి దిగే సహజ ప్రవాహం మీదే ఇంజిను ఆధారపడేది. అలా పారాలంటే ట్యూబులు నిలువుగా ఉండక తప్పదు. పంపు వచ్చాక ఆ నిర్బంధం తొలగింది. కార్ల ముక్కు పొట్టిదై, వెడల్పు పెరిగిన కొద్దీ, పొడవైన ట్యాంకులను పక్కలకు నెట్టి ఉన్న ఎత్తునంతా కోర్‌కే ఇవ్వడం లాభమనిపించి క్రాస్‌ఫ్లో వ్యాపించింది. అయినా జపాన్ కంపెనీల చిన్న కార్లలో పైనా కిందా ట్యాంకులు నేటికీ కనిపిస్తూనే ఉంటాయి కనుక, కొత్త కారు కాబట్టి క్రాస్‌ఫ్లోనే అయివుంటుందని ఊహించుకోకండి.

కాగితం మీద ఒకసారి లెక్క వేయండి

దుకాణదారు మాటను పరీక్షించడానికి చిన్న లెక్క చాలు. 600 మిల్లీమీటర్ల వెడల్పు, 400 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న కోర్‌ను తీసుకుని, 10 మిల్లీమీటర్లకు ఒక ట్యూబు చొప్పున అమర్చామనుకుందాం. నిలువుగా పెడితే 400 మిల్లీమీటర్ల ట్యూబులు 60 పడతాయి. అడ్డంగా పెడితే 600 మిల్లీమీటర్ల ట్యూబులు 40 పడతాయి. రెండింటిలోనూ ట్యూబుల మొత్తం పొడవు 24 మీటర్లే. అంటే నీటికి, గాలికి మధ్య వేడి మారే ఉపరితలం సమానం. వేడి సంగతిలో రెండింటికీ పెద్ద తేడా ఉండదని మొదట్లో అన్నది ఈ కారణంగానే.

మారేది వేగం. ఒకే కాలువ నీటిని 60 బోదెలకు పంచినప్పటి కంటే 40 బోదెలకు పంచినప్పుడు ఒక్కో బోదెలో పారకం ఉరవడిగా ఉన్నట్టే, ఈ క్రాస్‌ఫ్లోలో నీరు ఒకటిన్నర రెట్లు వేగంగా పారుతుంది, పైగా ఒకటిన్నర రెట్లు ఎక్కువ దూరం వెళ్లాలి. నీరు సుడులు తిరుగుతూ పారే వేగంలో ఉంటే ట్యూబుల్లో ఒత్తిడి నష్టం దాదాపు మూడు రెట్లవుతుంది. అదే కోర్‌ను డబుల్ పాస్ చేస్తే ఒక్కో దఫా 20 ట్యూబులే మిగులుతాయి, దారి 1,200 మిల్లీమీటర్లవుతుంది. అంత నీటినే తోయాలంటే సింగిల్ పాస్ క్రాస్‌ఫ్లోతో పోలిస్తే ట్యూబుల్లో ఒత్తిడి నష్టం ఆరేడు రెట్లు పెరుగుతుంది. ఇంజిను బ్లాకు, హోస్‌లు, థర్మోస్టాట్ (నీరు వేడెక్కాక తెరుచుకుని దాన్ని రేడియేటర్‌కు వదిలే కవాటం) కూడా నీటిని అడ్డగించేవే కాబట్టి మొత్తం వలయంలో భారం అన్ని రెట్లు పెరగదు గాని, పంపుకు తెలిసేటంత మాత్రం పెరుగుతుంది.

ఇంత భారం పెంచి సాధించేదేమిటి? ట్యూబు గోడ దగ్గర నీరు వేగంగా సుడులు తిరిగితే వేడి గోడకు త్వరగా అందుతుంది. వేగం రెట్టింపైతే నీటివైపు వేడి మార్పిడి సుమారు 1.7 రెట్లు పెరుగుతుంది. వినడానికి గొప్పగానే ఉంటుంది. కాని కారు రేడియేటర్‌లో వేడికి అసలు అడ్డంకి నీటివైపు లేదు, గాలివైపు ఉంది. మొత్తం అడ్డంకిలో నీటివైపు వాటా అయిదో వంతు అనుకుంటే, ఆ అయిదో వంతు తగ్గడం వల్ల కోర్ సామర్థ్యంలో వచ్చే లాభం తొమ్మిది శాతానికి మించదు. అది కూడా పంపు మునుపటంత నీటినే తోయగలిగినప్పుడు. తోయలేకపోతే ఆ లాభం అక్కడికక్కడే కరిగిపోతుంది.

మన ఎండను లెక్కలోకి తీసుకోండి

రేడియేటర్ వదిలే వేడి, లోపలికి వచ్చే నీటి వేడిమికీ ముందునుంచి తగిలే గాలి వేడిమికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. నీరు 95 డిగ్రీలు, గాలి 25 డిగ్రీలు ఉంటే తేడా 70. మే నెలలో గాలి 45 డిగ్రీలకు చేరితే తేడా 50కి పడిపోతుంది. అంటే అదే రేడియేటర్ దాదాపు 29 శాతం తక్కువ పనిచేస్తుంది. ఆ పైన ఏసీ వేస్తే, రేడియేటర్‌కు ముందున్న కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) తన వేడిని అదే గాలిలోకి వదులుతుంది. కండెన్సర్ దాటిన గాలి 55 డిగ్రీలైతే తేడా 40కి దిగి, రేడియేటర్ చలికాలపు సామర్థ్యంలో 57 శాతమే మిగులుతుంది. జనవరిలో ఏ ఇబ్బందీ పెట్టని రేడియేటర్ ఎండాకాలంలో బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ముల్లును పైకి నెట్టడానికి కారణం ఇదే.

ఈ అంకెల పక్కన డబుల్ పాస్ తొమ్మిది శాతాన్ని పెట్టి చూడండి. గాలి వైపు పోగొట్టుకున్నదాన్ని నీటి దారి మార్చి రాబట్టుకోవడం సాధ్యం కాదు. కాబట్టి కొనుగోలుకు ముందు గాలి దారిని బాగుచేసుకోవాలి. గుంటూరు చుట్టుపక్కల జిన్నింగు మిల్లుల దారిలో తిరిగే కార్లకు పత్తి పీచు, తెనాలి వైపు వరి కోతల రోజుల్లో తిరిగే కార్లకు ఊక, దుమ్ము కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో చేరి గోనెపట్టాలా పేరుకుంటాయి. ముందునుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే ఉంటుంది. వెనుక దాగినది కనబడదు. పైనున్న బిగింపులు వదులు చేసి రేడియేటర్‌ను కొద్దిగా వెనక్కి వాల్చి, ఇంజినువైపు నుంచి ముందుకు, అంటే గాలి వచ్చే దిక్కుకు ఎదురుగా, మామూలు గొట్టపు నీటితో నిదానంగా కడగండి. సర్వీసు సెంటర్లలోని ప్రెషర్ గన్ను దగ్గర పెట్టి కొడితే ఫిన్లు వంగి మూసుకుపోతాయి, బాగుచేయబోయి పాడుచేసినట్టవుతుంది.

ఫ్యాను చుట్టూ ఉండే ప్లాస్టిక్ గూడు విరిగిపోయిందా, రేడియేటర్ పక్కల స్పాంజి పట్టీలు ఊడిపోయాయా అన్నది కూడా చూడండి. గాలి ఎప్పుడూ సులువైన దారినే వెతుక్కుంటుంది. కోర్ పక్కన సందు ఉంటే అందులోంచే పోతుంది. గూడు లేని ఫ్యాను తన రెక్కలకు ఎదురుగా ఉన్న గుండ్రని భాగాన్ని మాత్రమే చల్లబరుస్తుంది, మూలలు వృథా అవుతాయి.

రోడ్డు మీద పరీక్షించి, లోపం ఎక్కడో తేల్చండి

ఏ రకం రేడియేటర్ అన్న చర్చకు ముందు, కారు ఎప్పుడు వేడెక్కుతోందో రాసుకోవాలి. ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటరులోని అంకెలను చదివే పరికరం) ఉంటే కూలెంట్, అంటే రేడియేటర్‌లో పారే ద్రవం, వేడిమి అంకెల్లోనే కనిపిస్తుంది. మీటరు ముల్లును నమ్ముకోవద్దు. చాలా కార్లలో అది మధ్యలోనే కదలకుండా నిలబడి, ప్రమాదం దగ్గరపడ్డాకే లేస్తుంది.

మధ్యాహ్నం ఏసీ వేసుకుని బందరు రోడ్డు రద్దీలో కొంతసేపు నడపండి. తరువాత విజయవాడ నుంచి గుంటూరు వైపు జాతీయ రహదారి మీద, మంగళగిరి, కాజ టోల్‌గేటు దాటేదాకా గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లండి. రద్దీలో వేడెక్కి, రహదారిపై గాలి తగిలేసరికి చల్లబడితే లోపం ఫ్యానులోనో, గూడులోనో, ఫ్యాను స్విచ్చిలోనో ఉంది. రేడియేటర్ మార్చడం వృథా ఖర్చు. రద్దీలో బాగానే ఉండి వేగంలో వేడెక్కితే నీటివైపు అనుమానించాలి: ట్యూబులు పూడిపోవడం, పంపు ఆకులు అరిగిపోవడం, కింది హోస్ పంపు పీల్పుకు లోపలికి నొక్కుకుపోవడం. రెండు చోట్లా వేడెక్కితే, కొత్త రేడియేటర్ మాట ఎత్తేముందు హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజిను హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే పట్టీని) పరీక్ష చేయించండి. చల్లటి ఇంజినును మూత తీసి స్టార్టు చేసినప్పుడు నీటిలో బుడగలు ఆగకుండా వస్తుంటే దహనవాయువులు లోపలికి దూరుతున్నాయని అనుమానించవలసిందే.

కారు ఆపిన తరువాత ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో కోర్ మీద అక్కడక్కడ కొలవండి. ఫ్యాను తిరగకముందు, థర్మోస్టాట్ తెరుచుకున్నాక కొలిస్తే మేలు. మెరిసే అల్యూమినియం మీద ఈ పరికరం తప్పుడు అంకె చూపిస్తుంది కాబట్టి కొలిచే చోట్ల నల్ల టేపు ముక్కలు అంటించుకోండి. డౌన్‌ఫ్లోలో పూడుకుపోయిన ట్యూబులు నిలువు పట్టీలా చల్లగా తగులుతాయి. క్రాస్‌ఫ్లోలో మడ్డి బరువుకు దిగి అడుగు ట్యూబుల్లోనే చేరుతుంది కనుక కింది భాగం అడ్డంగా చల్లబడి ఉంటుంది. మొత్తం మీద పైనుంచి కిందికి, లేదా ఒక పక్కనుంచి మరో పక్కకు క్రమంగా తగ్గుతూ పోతే కోర్ ఆరోగ్యంగా ఉన్నట్టే.

మూత, గాలి బుడగలు, మడ్డి: అసలు పోల్చవలసినవి

కూలెంట్ మూత మీద 0.9, 1.1 వంటి అంకె బార్లలో (ఒత్తిడి కొలతలో) ముద్రించి ఉంటుంది. 1.1 బార్ ఒత్తిడిలో మంచినీరే దాదాపు 122 డిగ్రీల వరకు మరగదు, 0.9 బార్‌లో 118 డిగ్రీల దాకా ఆగుతుంది. ఇంజిను వేగం పెరిగినప్పుడు పంపు పుట్టించే ఒత్తిడి కూడా దీనికి తోడవుతుంది. సంప్రదాయ డౌన్‌ఫ్లోలో మూత పై ట్యాంకు మీద, అంటే వేడినీరు ఒత్తిడితో వచ్చిపడే చోట ఉంటుంది. ఎక్కువ వేగంలో పంపు ఒత్తిడి నేరుగా మూత స్ప్రింగును నెట్టి, మరగకుండానే కొంత నీటిని బయటికి పంపించేయవచ్చు. క్రాస్‌ఫ్లోలో మూతను నీరు బయటికి పోయే వైపు ట్యాంకు మీద పెట్టుకోవచ్చు. కోర్ దాటేసరికి ఒత్తిడి తగ్గిపోయి ఉంటుంది కాబట్టి మూత స్థిమితంగా ఉంటుంది. నా దృష్టిలో క్రాస్‌ఫ్లోకు ఉన్న నిజమైన మేలు ఇదే. అయితే మీ కారులో మూత రేడియేటర్ మీద కాకుండా పక్కనున్న ప్లాస్టిక్ ట్యాంకు మీద ఉండి, ఆ ట్యాంకు పంపు పీల్చే వైపుకు కలిసి ఉంటే ఈ తేడా మాసిపోతుంది.

గాలి బుడగల విషయంలో డౌన్‌ఫ్లోదే పైచేయి. బుడగలు వాటంతట అవే పై ట్యాంకుకు చేరి మూత కిందనే నిలుస్తాయి. క్రాస్‌ఫ్లోలో మూత లేని ట్యాంకు పైమూలలో గాలి చిక్కుకుంటే పై ట్యూబులు ఒట్టిపోతాయి. అందుకే ఆ మూలలో గాలి వదిలే మర గాని, ఎత్తులో ఉన్న ట్యాంకుకు పోయే సన్న గొట్టం గాని ఉందా అని కొనేముందే చూసుకోవాలి.

డబుల్ పాస్‌లో ఈ రెండు చిక్కులూ కలిసి వస్తాయి. హోస్‌లున్న ట్యాంకు పైసగంలో ఒత్తిడి అత్యధికం, కిందిసగంలో అత్యల్పం. మూత పెట్టడానికి ఎత్తు ఉన్న చోట ఒత్తిడి ఎక్కువ, ఒత్తిడి తక్కువ ఉన్న చోట ఎత్తు లేదు. మూతను అవతలి ట్యాంకు మీదనో, విడి ట్యాంకు మీదనో పెట్టడమే దీనికి పరిష్కారం. అడ్డుపలక ట్యాంకు గోడలకు పూర్తిగా అంటుకోకపోతే వేడినీరు కోర్‌లోకే పోకుండా ఆ సందులోంచి నేరుగా బయటికి వెళ్లే హోస్‌లోకి జారిపోతుంది; బయటినుంచి చూసి దీన్ని కనిపెట్టలేం. ఒకే ట్యాంకులో పైన వేడి, కింద చల్లన ఉండడం వల్ల ట్యూబులు అసమానంగా సాగి అతుకుల మీద లాగుడు కూడా పెరుగుతుంది.

మరి డబుల్ పాస్ ఎవరికి? వేరే ఇంజిను ఎక్కించినందువల్ల రెండు హోస్‌లూ ఒకే పక్కకు రావలసిన బండికీ, బలమైన పంపు ఉండి, ఎత్తు తక్కువ వెడల్పు ఎక్కువ కోర్ మాత్రమే పట్టే బండికీ, ఎక్కువ వేగంతో చాలాసేపు నడిచే పోటీ కార్లకూ అది పనికొస్తుంది. ఇంటి నుంచి ఆఫీసుకు, ఆదివారం కోటప్పకొండకు వెళ్లే మామూలు కారుకు, కంపెనీ సింగిల్ పాస్‌తోనే ఇచ్చి ఉంటే, డబుల్ పాస్‌కు మార్చవలసిన అవసరం నాకు కనిపించదు.

ఒక అపోహను పక్కన పెట్టండి

"నీరు మరీ వేగంగా పారితే రేడియేటర్‌లో చల్లారే సమయం ఉండదు" అన్న మాట దాదాపు ప్రతి చోటా వినిపిస్తుంది. నీరు ఒక్కసారి పోయి తిరిగిరానిదైతే ఆ మాట నిజమయ్యేది. ఇది మూసిన వలయం. వేగంగా వెళ్లిన నీరు అంతే వేగంగా మళ్లీ వస్తుంది. ఒక్కో చుట్టులో తక్కువ చల్లబడినా చుట్లు ఎక్కువవుతాయి, కోర్ మొత్తం వేడిగా ఉంటుంది కనుక గాలికి వదిలే వేడి తగ్గదు సరికదా కొంచెం పెరుగుతుంది.

ఈ అపోహకు ఆధారంగా, థర్మోస్టాట్ తీసేసిన కారు మరింత వేడెక్కిన ఉదాహరణ చెబుతారు. ఆ అనుభవం నిజమే కావచ్చు, కారణం వేరు. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్‌కు అడుగున రెండో బిళ్ల ఉంటుంది. పైది తెరుచుకుని నీటిని రేడియేటర్‌కు పంపేటప్పుడు, కిందిది రేడియేటర్‌ను తప్పించుకుపోయే అడ్డదారిని మూస్తుంది. థర్మోస్టాట్‌ను పీకేస్తే ఆ అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉండి, వేడినీటిలో కొంత భాగం చల్లబడకుండానే ఇంజినుకు తిరిగి వస్తుంది. ఎండాకాలంలో థర్మోస్టాట్ తీయించడం మన ఊళ్లలో ఆనవాయితీగా మారింది. మీరు మాత్రం ఒప్పుకోవద్దు. మీ ఇంజినుకు చెప్పిన వేడిమికే, అంటే చాలా కార్లలో 82 నుంచి 88 డిగ్రీల మధ్య, తెరుచుకునేదాన్ని కొత్తది వేయించండి. పాతది మంచిదేనా అని చూడాలంటే గిన్నెలో నీళ్లు పోసి అందులో వేలాడదీసి, థర్మామీటరు పెట్టి కాచండి.

కొనేటప్పుడు కొలవవలసినవి

టేపు తీసుకుని కోర్‌ను మాత్రమే కొలవండి. ట్యాంకులు కలిపిన మొత్తం కొలత మోసం చేస్తుంది. ఒకే చట్రంలో డౌన్‌ఫ్లో, క్రాస్‌ఫ్లో రెండూ పట్టినా ఒకదాని ట్యాంకులు ఎత్తును, మరొకదాని ట్యాంకులు వెడల్పును తినేస్తాయి. రెండింటిలో ఏది పెద్ద కోర్ ఇస్తుందో అదే మంచి ఎంపిక, ప్రవాహం ఏ దిక్కునైనా సరే.

మందం పెంచడానికి తొందరపడవద్దు. వెనుక వరుస ట్యూబులకు ముందు వరుసల మీదుగా వేడెక్కిన గాలే అందుతుంది కాబట్టి, మూడో వరుస ఇచ్చే లాభం రెండో వరుస ఇచ్చినంత ఉండదు. ఫ్యాను మీద భారం మాత్రం పెరుగుతుంది. దట్టమైన ఫిన్లు కూడా అంతే. దుకాణంలో కొత్తగా మెరుస్తున్నప్పుడు బాగుంటాయి. పత్తి పీచు, ఊక తిరిగే దారుల్లో కాస్త ఎడంగా ఉన్న ఫిన్లే ఎక్కువ కాలం నిలుస్తాయి. హోస్ మూతుల వ్యాసం, ఫ్యాను బిగించే చోట్లు, కింది రబ్బరు బుష్షుల స్థానం పాతదానితో సరిపోలాలి. ఆటోమేటిక్ గేరు కారైతే గేరు ఆయిల్ చల్లబరిచే గొట్టం రేడియేటర్ ట్యాంకులోనే ఉండవచ్చు. అది చల్లని నీరు చేరే ట్యాంకులో, అంటే డౌన్‌ఫ్లోలో కింది ట్యాంకులో, క్రాస్‌ఫ్లోలో బయటికి పోయే వైపు ట్యాంకులో ఉండాలి.

పాత రాగి, ఇత్తడి రేడియేటర్ ఉన్నవారు దాన్ని పారేయకండి. ట్యాంకులు విప్పి, కొత్త కోర్ పెట్టి టంకం వేసే పనివారు ఇంకా ఉన్నారు. ప్లాస్టిక్ ట్యాంకుల అల్యూమినియం రేడియేటర్‌లో ట్యాంకు పగిలితే అతికించుకోవడం తాత్కాలికమే.

బిగించి, నింపి, గాలి తీయడం

కొత్త రేడియేటర్ ఎక్కించేటప్పుడు రబ్బరు బుష్షుల మీదే కూర్చోబెట్టాలి. చట్రానికి నేరుగా బిగిస్తే రోడ్డు అదురుకు అతుకులు విడిపోతాయి. స్పాంజి పట్టీలు కొత్తవి అంటించండి. కింది హోస్ లోపల స్ప్రింగు ఉండే రకమైతే దాన్ని మరిచిపోకుండా పెట్టించండి.

బోరు నీళ్లు పోయవద్దు. కృష్ణా, గుంటూరు ప్రాంతపు బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగానో, చవుడుగానో ఉంటాయి. ఆ లవణాలే ట్యూబుల్లో పెచ్చు కడతాయి, అల్యూమినియాన్ని తింటాయి. మనకు గడ్డకట్టే చలి లేదు గదా, కూలెంట్ ఎందుకని అడిగేవారికి చెప్పవలసింది ఇదే: తుప్పును ఆపే రసాయనాలు అందులోనే ఉన్నాయి. మీ కారు పుస్తకంలో చెప్పిన రకాన్నే, డిస్టిల్డ్ వాటరుతో చెప్పిన పాళ్లలో కలపండి. సగం కంటే ఎక్కువ కూలెంట్ కలిపితే మంచిదనుకోవడం పొరపాటు. కూలెంట్‌లోని ప్రధాన ద్రవమైన గ్లైకాల్ పెరిగిన కొద్దీ ద్రవం మోయగలిగే వేడి తగ్గుతుంది. రంగు ఒకటే అయినా వేర్వేరు రకాలను కలపవద్దు.

కారు ముక్కు కొంచెం ఎత్తుగా ఉండేలా నిలిపి, హీటరును పూర్తి వేడికి తిప్పి, గాలి మరలు వదులు చేసి మెల్లగా పోయండి. మరలోంచి బుడగలు లేని ధార వచ్చాక దాన్ని బిగించండి. డౌన్‌ఫ్లోకు సాధారణంగా ఇంతటితో పని అయిపోతుంది. క్రాస్‌ఫ్లోలో రెండు ట్యాంకుల పైమూలల నుంచీ, డబుల్ పాస్‌లో అవతలి ట్యాంకు నుంచి తప్పనిసరిగానూ గాలి తీయాలి. తరువాత ఇంజినును ఐడిలింగులో ఉంచి, థర్మోస్టాట్ తెరుచుకుని రేడియేటర్‌లోకి వేడి వచ్చేదాకా ఆగండి. ఈ లోగా హోస్‌లను చేత్తో నొక్కి వదులుతుంటే చిక్కుకున్న బుడగలు కదులుతాయి. మట్టం తగ్గితే నింపి, మూత పెట్టి, ఫ్యాను దానంతట అది తిరిగి ఆగేవరకు చూడండి.

మర్నాడు పొద్దున ఇంజిను చల్లగా ఉన్నప్పుడు మట్టం మళ్లీ చూసి, తగ్గినంత నింపండి. కొద్దిరోజులు వరుసగా తగ్గుతుంటే గాలి ఇంకా పోతోందనో, ఎక్కడో కారుతోందనో అర్థం. క్లాంపుల చుట్టూ ఎండిన కూలెంట్ రంగు మరకలు వెతకండి. విప్పినప్పుడు దించిన పాత కూలెంట్‌ను ఏలూరు కాలువలోనో, ఇంటి ముందు మురుగులోనో పారబోయకండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం, కుక్కలు పిల్లులు నాకి చనిపోతాయి. మూత గట్టిగా బిగిసే డబ్బాలో పట్టి, పేరు రాసి, పిల్లలకు అందని చోట ఉంచి, వాడిన ఆయిల్ సేకరించే వర్క్‌షాపు దానిని తీసుకుంటుందేమో అడిగి అప్పగించండి.